ఇస్కూల్ అన్న కుర్రాడు

మొన్న మొదటి సంవత్సరం క్లాసులో ఒక కుర్రాడు లేచి "మా ఊరి ఇస్కూల్లో..." అన్నాడు. వెనక బెంచీల్లో నవ్వులు. అతను సగంలోనే ఆపి కూర్చున్నాడు. ఇరవై ఏళ్ల కిందటైతే "ఇస్కూల్ కాదు, స్కూల్" అని చెప్పి పాఠంలోకి వెళ్లిపోయేవాణ్ణి. భాషాశాస్త్రం చెప్పడం మొదలుపెట్టాక నాకు ఆ తొందర పోయింది. ఆ రోజు గంటంతా ఆ 'ఇ' మీదే నడిచింది.

అచ్చ తెలుగు మాటేదీ స్క, స్ట లాంటి జంట హల్లుతో మొదలవదు. స్నానం సంస్కృతం నుంచి వచ్చిన మాట. దాన్ని కూడా మన పల్లెల్లో తానం అంటారు. అలవాటు లేని జంట ఎదురైతే నాలుక ముందు ఒక అచ్చు వేసుకుని దాని ఆసరాతో దిగుతుంది. స్పెయిన్ వాళ్లు చేసిందీ ఇదే. లాటిన్‌లో 'స్కోలా' అన్న మాట వాళ్ల నోట 'ఎస్క్వేలా' అయింది. ఫ్రెంచి వాళ్లు అలాగే 'ఎ' చేర్చుకుని, తర్వాత 'స'ను కూడా వదిలేసి 'ఎకోల్' అన్నారు. రెండూ పుస్తకాలకెక్కిన, పండితులు రాసే మాటలే. మా కుర్రాడి నాలుక చేసింది వాటికి భిన్నమైన పనేమీ కాదు.

ఇంగ్లిష్ వాళ్లకూ కొన్ని జంటలు బరువయ్యాయి. చాకును నైఫ్ అంటాం, స్పెల్లింగ్‌లో మాత్రం ముందు 'కె' ఉంటుంది. ఒకప్పుడు దాన్ని పలికేవారు కనుకే రాశారు. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టే నాటికి ఆ 'క' నోట్లో బతికే ఉంది. తర్వాత అది నోట్లోంచి జారిపోయింది, కాగితం మీద మిగిలింది. మనం ప్రొద్దును పొద్దు, క్రొత్తను కొత్త, మ్రానును మాను చేసుకున్నట్టే.

ఇదంతా విన్నాక ఒక అమ్మాయి అడిగింది: "సార్, ఇంగ్లిష్ వాళ్లు తాము ఎలా పలుకుతున్నారో వాళ్లకు తెలుసా?"

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. పాత పేపరులోంచి వేలెడు వెడల్పు ముక్క చించి పెదాల ముందు వేలాడదీశాను. ఇంగ్లిష్ వాళ్లలా 'పిన్' అన్నాను. కాగితం ఎగిరింది. 'స్పిన్' అన్నాను. కదల్లేదు. మాట మొదట్లో వాళ్ల 'ప' వెంట ఊపిరి తోసుకొస్తుంది, రెండు పెదాలూ కలిపి పలికే మన ఒత్తు 'ఫ'కు దగ్గరగా ఉంటుంది. ఎస్ పక్కన చేరగానే ఆ ఊపిరి పోతుంది. మనకైతే ఇవి వేర్వేరు అక్షరాలు. వాళ్లకు ఒక్కటే 'పి', తేడా ఉందని చెబితే ఆశ్చర్యపోతారు. మనం ఊపిరి లేకుండా పలికే 'పిన్' వాళ్ల చెవికి ఒక్కోసారి 'బిన్' అని వినబడేది ఇందుకే. పిల్లలందరూ కాగితాలు చించి ఊదడం మొదలుపెట్టారు.

"ఇప్పుడు చాప అనండి, చేప అనండి," అన్నాను. అన్నారు. "రెండింటిలోనూ 'చ' ఒకటేనా?" ఒకటే అన్నారు. మళ్లీ మెల్లగా అనమన్నాను. ఈసారి గది నిశ్శబ్దమైంది. చాపలో నాలుక పళ్ల దగ్గరికి పోతుంది, చేపలో అంగిలిని తాకుతుంది. చాలు, చుక్క మొదటి రకం. చీర, చెయ్యి రెండోది. చందమామలో పళ్ల దగ్గరి 'చ', సంస్కృతం నుంచి వచ్చిన చంద్రుడులో అంగిలి 'చ'. దంత్యమనీ తాలవ్యమనీ చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పిన సంగతే ఇది. పుట్టినప్పటి నుంచి ఒక్క రోజు కూడా తప్పకుండా పలుకుతున్న తేడా, ఆ క్షణం దాకా ఎవరికీ తెలియదు. నాకూ నా చదువు రోజుల్లో ఎవరో చూపించాకే తెలిసింది.

ఎవరూ చెప్పకుండానే మనిషిలో ఇన్ని సూత్రాలు ఎలా చేరతాయో 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు చక్కగా చూపించింది. పిట్టలాంటి బొమ్మ గీసి, దానికి 'వగ్' అని లేని పేరు పెట్టి, ఇలాంటివి రెండుంటే ఏమంటారని చిన్నపిల్లల్ని అడిగింది. ఎన్నడూ వినని మాటకు వాళ్లు సరైన బహువచనం చెప్పారు. నేను మా పక్కింటి ఐదేళ్ల పాప ముందు ఒక వంకర బొమ్మ గీసి "ఇది గిబ్బం. ఇంకోటి వచ్చింది, ఇప్పుడు రెండు...?" అన్నాను. "గిబ్బాలు" అంది, బొమ్మ మీంచి కళ్లు తిప్పకుండానే. పుస్తకం పుస్తకాలైనట్టు గిబ్బం గిబ్బాలవుతుందని ఆ పాపకు ఎవరూ నేర్పలేదు.

ఇంగ్లిష్ మాస్టర్లకు నాదొక మనవి. పిల్లల ఉచ్చారణ సరిదిద్దండి, ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలకు అది కావాలి. కానీ దిద్దే ముందు వాళ్ల నాలుక ఏ సూత్రం పాటించిందో చెప్పండి. కాగితం ముక్కతో పిన్, స్పిన్ పాఠమూ, చాప, చేప పాఠమూ మొదటి వారంలోనే చెప్పండి. ఆ గంట అయ్యాక ఆ కుర్రాడు నా దగ్గరికొచ్చి, 'ఎస్క్వేలా' ఎలా రాస్తారో చూపించమని నోటు పుస్తకం ముందు పెట్టాడు.