‘బ్రైట్’ చిత్రంలో అన్యాపదేశం – ఔచిత్యభంగం

వ్యాససంగ్రహం
డేవిడ్ ఏయర్ దర్శకత్వంలో 2017లో వెలువడిన ‘బ్రైట్’ లాస్ ఏంజిల్స్ నగరంలో మాయాజాతులను నిలిపి, వాటి మధ్య పోలీసు కథను నడిపిన చిత్రం. జాతివివక్షను అన్యాపదేశంగా చెప్పబూనిన ఈ చిత్రం తన కల్పనానియమాల వల్లనే ఆ వివక్షకు హేతువును సమకూర్చింది. ఈ లోపాన్ని భారతీయాలంకారికుల ఔచిత్యభావన వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: అద్భుతం, అన్యాపదేశం, ఔచిత్యం, జాతివివక్ష, పోలీసు చిత్రం, లాస్ ఏంజిల్స్.

ఉపోద్ఘాతం
ఆధునిక నగరంలోకి అద్భుత పాత్రలను దింపి కథ నడపడం సినిమాకు కొత్త కాదు. ‘యమగోల’ (1977), ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990) వంటి చిత్రాల ద్వారా తెలుగు ప్రేక్షకులకు ఈ పద్ధతి చిరపరిచితం. అటువంటి కథల్లో యముడైనా దేవకన్యయైనా నగరానికి వచ్చిన అతిథులే. వారి రాకే వింత. ఆ వింతపైనే హాస్యమూ అద్భుతమూ ఆధారపడతాయి. ‘బ్రైట్’ ఇంతకంటె కష్టమైన మార్గాన్ని ఎంచుకొంది. ఇందులో ఓర్కులు, ఎల్ఫులు, ఫెయిరీలు ఎక్కడినుంచో వచ్చినవారు కారు. అనాదిగా మనుషులతో కలిసి బతుకుతున్నవారు. కనుక వారిని చూపించినంత మాత్రాన సరిపోదు. వారి ఉనికివల్ల చరిత్ర, చట్టం, నగరజీవనం ఎలా రూపొందాయో చెప్పవలసిన బాధ్యత కూడా చిత్రంపై పడుతుంది. దాదాపు 9 కోట్ల డాలర్ల వ్యయంతో నిర్మితమై, నెట్‌ఫ్లిక్స్ ద్వారా ప్రపంచమంతటా ఒకేసారి విడుదలైన ఈ చిత్రం ఆ బాధ్యతను ఎంతవరకు నిర్వహించిందన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న.

కథావస్తువు
రెండు వేల సంవత్సరాల క్రితం ‘డార్క్ లార్డ్’ అనే దుష్టశక్తికీ ఇతర జాతులకూ యుద్ధం జరిగింది. ఓర్కులు దుష్టశక్తి పక్షాన నిలిచారు. ఆ కారణంగా నేటికీ వారు నగరంలో అట్టడుగున ఉన్నారు. ఎల్ఫులు సంపన్నులై, తమకంటూ ప్రత్యేకించిన ప్రాంతంలో నివసిస్తున్నారు. ఈ నేపథ్యంలో పోలీసు శాఖలో చేరిన తొలి ఓర్కు నిక్ జకోబీ (జోయెల్ ఎడ్గర్టన్). అతనితో కలిసి గస్తీ తిరగవలసినవాడు డారిల్ వార్డ్ (విల్ స్మిత్). ఒక ఓర్కు దొంగ వార్డ్‌ను కాల్చినప్పుడు జకోబీ ఆ దొంగను తప్పించాడని శాఖ అనుమానం. ఇంతలో వారికి ఒక మంత్రదండం, దాన్ని వెంటబెట్టుకొని పారిపోయిన టిక్కా అనే ఎల్ఫు యువతి తారసపడతారు. ఆ దండాన్ని చేతపట్టగలవారిని ‘బ్రైట్’ అంటారు. ఇతరులు తాకితే నాశనమవుతారు. ఆ దండం కోసం అవినీతి పోలీసులు, వీధిముఠాలు, దుష్టశక్తిని తిరిగి రప్పించదలచిన లైలా అనే ఎల్ఫు తరిమిన ఒక రాత్రి కథే చిత్రంలోని మిగతా భాగం.

మారని నగరం
కల్పిత ప్రపంచానికి లోపలి పొందిక ఉండాలని టోల్కీన్ అద్భుతకథలపై చేసిన ప్రసంగంలో ప్రతిపాదించాడు. ఆ ప్రపంచ నియమాలను అది తానే పాటించినంతకాలం పాఠకుడు దాన్ని నమ్ముతాడు. ‘బ్రైట్’లో ఈ పొందిక మొదటినుంచీ సడలి ఉంది. రెండు వేల ఏళ్లుగా పలుజాతులు కలిసి బతికిన లోకంలో కూడా లాస్ ఏంజిల్స్ నేటి లాస్ ఏంజిల్స్‌గానే ఉంది. అవే వీధులు, అవే ముఠాలు, అవే గస్తీకార్లు. 1836 నాటి అలమో యుద్ధం ప్రస్తావన కూడా ఒక పాత్ర నోట యథాతథంగా వినవస్తుంది. ఒక దృశ్యంలో రాత్రి ఆకాశంలో డ్రాగన్ ఎగురుతుంది. ఆ డ్రాగన్ ఎవరిది, నగరం దానితో ఎలా నెగ్గుకొస్తోంది అన్న ఊహ చిత్రంలో ఎక్కడా లేదు. అది తెరకు అలంకారం, కథకు అనవసరం.

ఇదే నగరంలో జరిగిన ‘ఏలియన్ నేషన్’ (1988) దీనికి ప్రత్యుదాహరణ. అందులో గ్రహాంతరవాసులు పులిసిన పాలు తాగి మత్తెక్కుతారు. సముద్రజలం వారిని ఆమ్లంలా కాలుస్తుంది. ఇవి చిన్న వివరాలే. అయినా వాటివల్ల నగరంలోని మద్యశాలకూ సముద్రతీరానికీ కొత్త అర్థం వస్తుంది. కథాంత్యంలో ఆ సముద్రమే పాత్రలకు పరీక్షాస్థలమవుతుంది. అక్కడ అద్భుతం నిత్యజీవితంలోకి ఇంకింది. ‘బ్రైట్’లో అది పైపూతగానే మిగిలింది.

పూర్వికుల నేరం
చిత్రంలోని అసలు లోపం ఇంతకంటె లోతైనది. ప్రస్తుతాన్ని చెప్పడానికి అప్రస్తుతాన్ని వర్ణించడం అన్యాపదేశ లక్షణం. కొలనులోని హంసను సంబోధించి కవి రాజసభలోని పండితుణ్ణి ఉద్దేశిస్తాడు. ఆ సూచన ఫలించాలంటే రెండింటికీ ఏ ధర్మంలో సామ్యం చెప్పదలచాడో ఆ ధర్మంలో సామ్యం ఉండి తీరాలి. మిగిలిన భేదాలు ఎన్ని ఉన్నా బాధ లేదు.

‘బ్రైట్’లో ప్రస్తుతం ఏమిటో సందేహానికి తావు లేదు. 1991లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి పోలీసులు చితకబాదిన నగరమిది. మరుసటి ఏడాది ఆ పోలీసులపై తీర్పు వెలువడగానే చెలరేగిన అల్లర్లలో 60 మందికి పైగా మరణించారు. చిత్రంలో ఓర్కులను వీధిలో పోలీసులు కొట్టే దృశ్యాలు ఆ జ్ఞాపకాన్నే తట్టిలేపుతాయి. వార్డ్ తన ఇంటిముందు ఒక ఫెయిరీని చీపురుతో కొట్టి చంపుతూ పలికే మాట, 2013 తరువాత అమెరికాలో నల్లజాతీయుల ప్రాణాల విలువకోసం పుట్టిన నినాదానికి వికటానుకరణ. ఆ మాటను నల్లజాతి నటుడి నోట పలికించడంలో వ్యంగ్యానికి అవకాశం ఉంది. కాని చిత్రం దాన్ని నవ్వు పుట్టించి వదిలేసింది.

ఇక అప్రస్తుతం. ఓర్కులపై ద్వేషానికి చిత్రం చెప్పిన కారణం వారి పూర్వికుల ద్రోహం. చిత్రకథలో అది నిందారోపణగా కాక నిజంగా జరిగిన విషయంగానే నిలుస్తుంది. ఆ దుష్టశక్తి కూడా కట్టుకథ కాదు. తిరిగి రావడానికి పొంచి ఉన్న నిజమైన ప్రమాదం. ఇక్కడే సామ్యం చెడుతుంది. అమెరికాలో నల్లజాతీయులు బానిసత్వానికి గురైనవారు. ఏ పూర్వికుల నేరానికీ వారు శిక్ష అనుభవించడం లేదు. జాతివివక్షకు మూలం బాధితుల చరిత్రలో ఉండదు, ద్వేషించేవారి ప్రయోజనాల్లో ఉంటుంది. ఓర్కులకు నిజమైన నేరచరిత్ర అంటగట్టడం వల్ల, ద్వేషానికి ఎంత పాతదైనా ఒక కారణం ఉందని చిత్రం తెలియకుండానే ఒప్పుకొంటోంది. వివక్షను ఖండించబోయిన కల్పన వివక్షకు సాక్ష్యం పలికింది.

ఈ చిక్కును విప్పే తాళంచెవి చిత్రంలోనే ఉంది. దుష్టశక్తిపై తొమ్మిది సైన్యాలను ఏకం చేసినవాడు జిరాక్ అనే ఓర్కు అని పాత్రలు చెప్పుకొంటాయి. అలాగైతే ఓర్కులందరినీ ద్రోహులుగా నిలిపిన చరిత్రను ఎవరు రాశారు? దానివల్ల లాభపడినవారెవరు? సంపన్నులైన ఎల్ఫులను పక్కనే ఉంచుకొని కూడా చిత్రం ఈ ప్రశ్న వేయలేదు. జిరాక్ కథను ఒక జోస్యానికి ఉపోద్బలకంగా మాత్రమే వాడుకొంది.

‘డిస్ట్రిక్ట్ 9’ (2009) ఈ విషయంలో గమనించదగినది. జోహానెస్‌బర్గ్‌లో చిక్కుకొన్న గ్రహాంతరవాసులకు ఏ పూర్వనేరమూ లేదు. వారిని ఖాళీ చేయించడానికి అధికారి కాగితాలు పట్టుకొని గుడిసె గుడిసెకూ తిరిగి సంతకాలు పెట్టించే తీరు, 1966లో శ్వేతజాతికి ప్రత్యేకించబడిన కేప్‌టౌన్ డిస్ట్రిక్ట్ సిక్స్ నుంచి 60 వేల మందికి పైగా గెంటివేయబడిన చరిత్రను స్ఫురింపజేస్తుంది. ఆ చిత్రంలోనూ లోపాలున్నాయి. నైజీరియన్ల చిత్రణ వాటిలో ముఖ్యం. అయితే హింస ఏ పద్ధతిలో పనిచేస్తుందో అది పట్టుకొంది. ‘బ్రైట్’ హింస ఆకారాన్ని మాత్రమే పట్టుకొంది.

జకోబీ: చిత్రం వదులుకొన్న కథ
చిత్రంలో నిలిచే అంశం జకోబీ పాత్ర. అతడు తన కోరలను అరగదీసుకొన్నవాడు. ఓర్కుల దృష్టిలో వారి రక్తసంస్కారం పొందని భ్రష్టుడు, పోలీసుల దృష్టిలో యూనిఫాం వేసుకొన్న ఓర్కు. రెండు సమూహాల చూపులతోనూ తన్ను తాను కొలుచుకోవలసిన ఈ స్థితిని డ్యూబోయిస్ 1903లో నల్లజాతీయుల విషయంలో ద్వంద్వచైతన్యంగా గుర్తించాడు. బరువైన మేకప్ కింద కూడా ఎడ్గర్టన్ ఈ స్థితిని కళ్లతో, తడబడే మాటతీరుతో పలికించాడు. నిర్దోషియైన ఒక ఓర్కు బాలుణ్ణి దొంగగా భ్రమించి పట్టుకొన్నాననీ, తోటి పోలీసులు వాడిని చంపేస్తారని భయపడి వదిలేశాననీ అతడు వార్డ్‌కు చెప్పే ఘట్టం చిత్రానికి ప్రాణం. విధికీ న్యాయానికీ పొత్తు కుదరని చోటు అది.

‘ట్రెయినింగ్ డే’ (2001) రచయితగా, ‘ఎండ్ ఆఫ్ వాచ్’ (2012) రచయిత, దర్శకుడిగా ఏయర్‌కు ఈ నగరపు పోలీసు జీవితం బాగా తెలుసు. గస్తీకారులో ఇద్దరి సంభాషణ సాగినంతసేపూ ఆ పరిచయం కనిపిస్తుంది. మంత్రదండం కథలోకి రాగానే ఆ సంభాషణ తుపాకుల మోతలో కలిసిపోయింది. ఓర్కుల ముఠానాయకుడు జకోబీని చంపడం, టిక్కా మంత్రశక్తితో అతడు తిరిగి లేవడం, జోస్యం నిజమైందని ఓర్కులు మోకరిల్లడం వరుసగా జరిగిపోతాయి. నైతికధైర్యంతో తనవారి గౌరవాన్ని సంపాదించవలసిన పాత్రకు ఆ గౌరవం మహిమవల్ల దక్కింది. చివరికి వార్డ్ కూడా జన్మతః ‘బ్రైట్’ అని తేలుతుంది. పుట్టుకను బట్టి మనిషిని అంచనా వేయరాదని చెప్పబోయిన కథ, పుట్టుకతో వచ్చిన విశేషం వల్లనే పరిష్కారమయింది.

ముగింపు
రసభంగానికి అనౌచిత్యాన్ని మించిన కారణం లేదని ఆనందవర్ధనుడు, ఔచిత్యమే కావ్యానికి జీవితమని క్షేమేంద్రుడు భావించారు. ‘బ్రైట్’ వైఫల్యానికి ఓర్కులను, పోలీసులను ఒకచోట చేర్చడమే కారణమనడం సరికాదు. ఏ వస్తువులనైనా కలిపే స్వేచ్ఛ కల్పనకు ఉంది. కలిపిన తరువాత ఒకదాని నియమం మరొకదాని అర్థాన్ని చెరచకుండా చూడటమే ఔచిత్యం. ఈ చిత్రంలో మాయాలోకపు నియమాలైన పూర్వికుల పాపం, పుట్టుకతో వచ్చే శక్తి, జోస్యం అనే మూడూ వివక్షను సమర్థించే వాదాలకు దగ్గరి చుట్టాలు. వాటిని ప్రశ్నించకుండా స్వీకరించినందువల్ల చిత్రాశయమూ చిత్రనిర్మాణమూ పరస్పరవిరుద్ధాలైనాయి. బాధితుల చరిత్రను అన్యాపదేశంగా చెప్పదలచిన ఏ రచనకైనా ఇది హెచ్చరిక. కల్పించిన జాతికి ఏ గతాన్ని ఇస్తున్నామో ఆ గతం, నిజమైన మనుషులపై తీర్పుగా పరిణమిస్తుంది.