తేనెటీగ కడుపులోని కాపురము

ప్రేగుల వ్యాధి యనఁగానే మన గోదావరి సీమవారికి యల్లాప్రగడ సుబ్బారావుగారు జ్ఞప్తికి రావలెను. 1895లో భీమవరమున జన్మించిన ఆ మహనీయుఁడు, స్ప్రూ యను ప్రేగుల వ్యాధి సోదరులను బలిగొనఁగాఁ జూచి, తానును దాని వాతఁబడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే కోలుకొని, సముద్రములు దాటిపోయి, ఆ వ్యాధికే మందైన ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేయించెను. ఆయన పరిశోధనాధిపతిగా నున్న లెడర్లీ సంస్థయందే బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో అదియే మొదటిది.

ఆ వర్గపు మందులనే అమెరికాలో, తేనెటీగల పిల్లపురుగులకు పట్టు కుళ్లుతెగులు కొఱకు, దశాబ్దములుగా పెట్టెలలో వాడుచు వచ్చిరి. దాని పర్యవసానమును గూర్చి టెక్సస్ విశ్వవిద్యాలయమున నాన్సీ మోరన్‌గారి బృందము 2017లో ప్రకటించిన పరిశోధన చదివినది మొదలు, పెద్దాపురము పొలిమేర మామిడితోపులోని నా పెట్టెలను నేను చూచు తీరు మారినది.

పెట్టె మూత తీసి, కొంచెము పొగవేసి, చట్రమును వెలుతురునకెత్తి పట్టినచో, అప్పుడే మైనపు మూతను కొఱికికొని వెలికివచ్చు పిల్లయీగ కానవచ్చును. నూఁగు అంటుకొనిపోయి, బూడిదవన్నెతో, తడఁబడుచు నడచును. ఆ వేళ దాని ప్రేగులలో సూక్ష్మజీవులు దాదాపు లేవు. తోడియీగల పొత్తువలనను, పట్టుమీఁది మలినమువలనను కొలఁది దినములలో అవి చేరును. మనిషి ప్రేగులలో వందలాది జాతులుండఁగా, పనియీగ ప్రేగులలో ముఖ్యమైనవి పదిలోపే. వానిలో స్నోడ్‌గ్రాసెల్లా ప్రేగుగోడ నంటిపెట్టుకొని ప్రాణవాయువును హరింప, దానిపై పొరగా నుండు గిల్లియామెల్లా పుప్పొడిలోని పెక్టిన్‌ను విడఁగొట్టును. ప్యూపాదశలోనే ఈగను సన్నని శ్రావణముతో పట్టునుండి తీసి శుభ్రమైన డబ్బాలో నుంచినచో సూక్ష్మజీవులు లేని ఈగ లభించును; దానికి కోరిన సూక్ష్మజీవినే తినిపించి, ఏది యేమి చేయునో విడివిడిగా పరీక్షింపవచ్చును. ఎలుకలతో ఇంత సులువుగా ఈ పని సాగదు.

ఇఁక 2017 నాఁటి ప్రయోగము: టెట్రాసైక్లిన్ తినిపించి, వీపుపై రంగుచుక్క పెట్టి, తిరిగి పెట్టెలో వదలిన ఈగలలో మూఁడు దినములకు మూఁడింట నొక్కవంతు మాత్రమే కానవచ్చెను, మందు తినని వానిలో మూఁడింట రెండువంతులు మిగిలెను. కడుపులోని కాపురము చెదరిన ఈగలు సెరేషియా యను రోగకారికి సులభముగా లోఁబడినవి.

దీనిని చూపి సుబ్బారావుగారి తరమువారి మందులను నిందించువాఁడు అవివేకి. అవి కాపాడిన ప్రాణములకు లెక్కలేదు. ఈగలో కనిపించినదెల్ల మనిషికి అంటగట్టుటయు తొందరపాటే. ఈగకు మనవలె ప్రతిరక్షకములు లేవు, పనికాలమున దాని ఆయువు నెలన్నర. అయినను, అవసరము లేని మందు ఆరోగ్యవంతుని కడుపునకు ఏమి చేయఁగలదో ఇంత స్పష్టముగా చూపిన జీవి మఱొకటి అరుదు.

మా యూర ఆషాఢమున మరిడమ్మ జాతరనాఁటికి వానలు పట్టి, పువ్వు కఱవై, పెట్టెలకు పంచదార పాకము పోయవలసివచ్చును. "ముందుజాగ్రత్తకు కాస్త మందు కలపండి బాబూ" అని హితవు చెప్పువారు అప్పుడే బయలుదేఱుదురు. పెట్టెలు పెంచు మిత్రులకు నా మనవి: తెగులు నిర్ధారణ కానిదే పాకములో ఆ మందు కలుపకుఁడు, కలిపిన పెట్టెలోని తేనెను అమ్మకుఁడు.