హానిబల్ నౌక ఖైదీ: ఒక గ్రంథ పరిశీలన

1824లో లండన్‌లో జేమ్స్ స్కరీ అనే ఇంగ్లీషు నావికుని ఖైదు వృత్తాంతం గ్రంథరూపంలో వెలువడింది. అప్పటికే ఆయన మరణించాడు. 1782 జనవరిలో 50 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక హానిబల్‌ను ఫ్రెంచి నౌకాదళం హిందూమహాసముద్రంలో పట్టుకున్నప్పుడు స్కరీ అందులో పనిచేసే కుర్రవాడు. ఓడ ఫ్రెంచి దళంలో చేరి ఆంగ్లేయులపైనే పోరాడింది. అందులోని మనుషుల గతి వేరైంది. ఫ్రెంచి సేనాని సుఫ్రాన్ ఆ ఏడాదే కడలూరులో వందలాది ఖైదీలను హైదర్ అలీకి అప్పగించాడు.

ఈ యుద్ధం గుంటూరు ప్రాంతీయులకు పరాయి విషయం కాదు. నిజాం సోదరుడు బసాలత్ జంగ్ ఏలుబడిలోని గుంటూరు సర్కారుకు మోటుపల్లి రేవు గుండా ఫ్రెంచి సహాయం అందేది. 1779లో ఆంగ్లేయులు ఆ సర్కారును ఆయన నుండి పుచ్చుకొని, హైదర్ అధీనంలోని కడప సీమ మీదుగా సైన్యాన్ని నడపబోయారు. మాహే రేవును వారు ఆక్రమించడంతోపాటు ఇదికూడా 1780 నాటి యుద్ధానికి ఒక కారణం. కనుక దీనిని మతయుద్ధంగా చదవడం పొరపాటు. క్రైస్తవ ఖైదీలను ముస్లిం పాలకుని చేతికిచ్చినవాడు క్రైస్తవ సేనానియే.

అంతటితో విషయం ముగియదు. తనకూ, తోటి కుర్రవాళ్లకూ బలవంతంగా సున్తీ చేయించి, శ్రీరంగపట్నంలో చేలా పటాలాల్లో చేర్చారని స్కరీ చెబుతున్నాడు. ఇతర ఖైదీల వృత్తాంతాలూ దీనిని బలపరుస్తున్నాయి. ఇదంతా శత్రువుల కల్పన అని కొట్టివేయడం సులభమే కాని న్యాయం కాదు. ధర్మం విషయంలో బలవంతం లేదన్నది అల్ బఖరా సూరా 256వ ఆయత్ బోధ. యుద్ధఖైదీలను కనికరించి గాని, పరిహారం పుచ్చుకొని గాని విడిచిపెట్టాలని ముహమ్మద్ సూరా 4వ ఆయత్ ఆదేశిస్తున్నది. హైదర్, టిప్పుల శౌర్యం ఎంత గొప్పదైనా ఈ తప్పును ఒప్పు చేయజాలదు.

గ్రంథాన్నీ అదే న్యాయంతో పరీక్షించవలసి ఉంది. పదేళ్ల అనంతరం స్వజనులను చేరిన స్కరీ మాతృభాషా నుడికారాన్ని దాదాపు మరచాడనీ, కుర్చీలో కూర్చోవడం, కత్తీ ఫోర్కూ వాడటం కూడా ఆయనకు ఇబ్బంది అయిందనీ గ్రంథంతోపాటు అచ్చైన పరిచయమే తెలుపుతున్నది. మరి అచ్చులో సాఫీగా సాగే ఈ ఇంగ్లీషులో ఆయన మాట ఎంత, సరిదిద్దినవారి మాట ఎంత? అనువాదకుడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇది.

స్వజనానికి ప్రతికూలమైనా న్యాయంగా సాక్ష్యం పలకడం విశ్వాసి విధి. ఆ సాక్ష్యంలో మరొక పక్షాన్నీ తలచాలి. స్కరీ పారిపోతూ మైసూరు సీమలో తన భార్యాబిడ్డలను వదలి వచ్చాడు. వారి వృత్తాంతాన్ని ఎవరూ అచ్చు వేయలేదు.