ఏటి అడుగున ఉంగరం

పడవ ఎక్కని కథానాయిక మీకెక్కడైనా తగిలిందా? కాలేజీ పిల్లయితే స్నేహితురాళ్ళతో, కొత్త పెళ్ళికూతురైతే భర్తతో, మనసు విరిగినదైతే ఒంటరిగా, ఏదో ఒక అధ్యాయంలో పడవ ఎక్కి తీరుతుంది. ఎక్కగానే వెన్నెల కాస్తుంది. నీళ్ళు అద్దంలా ఉంటాయి. ఆవిడ వంగి అందులోకి చూస్తుంది. ఎవర్నో దెప్పడానికి చెబుతున్నాననుకోకండి. ఇరవయ్యేళ్ళ కిందట నా రెండో నవలలో నేను చేసిన నిర్వాకమూ అదే.

నా నాయికా నాయకులు హంసలదీవి దగ్గర పడవ షికారు వెడతారు. నాయిక వేలి ఉంగరం జారి నీళ్ళలో పడుతుంది. నాయకుడు అంచు మీంచి వంగి చూస్తే ఏటి అడుగున, తెల్లటి ఇసకలో, తళతళలాడుతూ ఉంగరం! దూకి తెచ్చి వేలికి తొడుగుతాడు. అపార్థాలన్నీ కరిగిపోయే చివరి అధ్యాయం ఆ ఉంగరం మీదే నిలబడి ఉంది. "శాకుంతలం బాగా చదివావు" అని మా వారు అప్పట్లో ఏడిపించేవారు. నిజానికి బాగా చదివి ఉంటే ఆ తప్పు చేసేదాన్నే కాదు. కాళిదాసు ఉంగరం నీళ్ళలో పడ్డాక ఎవరి కంటా పడలేదు. చేప మింగింది. చేప జాలరివాడికి దొరికింది. ఆ పాపానికి వాడు రాజభటుల చేత తన్నులు కూడా తిన్నాడు. నీళ్ళలో పోయిన వస్తువు ఎవరి ద్వారా తిరిగొస్తుందో ఆ మహానుభావుడికి తెలుసు.

నవల వచ్చిన కొత్తల్లో ఉత్తరాలు బాగానే వచ్చాయి. వాటిలో నాగాయలంక నుంచి ఒక కార్డు. "అమ్మా, మీ కథ బాగుంది. కానీ మా ఏట్లో అడుగు కనపడదండీ. మా అమ్మ మెళ్ళో నల్లపూసలు రేవులో తెగి పడితే నలుగురం రెండు రోజులు కాళ్ళతో తడిమినా దొరకలేదు" అని ఒకావిడ రాసింది. పేరుంది, అడ్రసు లేదు. అందరూ నాయకుడు మంచివాడనీ, అత్తగారు గయ్యాళిదనీ రాస్తుంటే ఈవిడ నీళ్ళ సంగతి రాసిందేమిటని నవ్వుకుని దాచుకున్నాను. అడ్రసు లేదు గనకే జవాబు రాయలేదని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఇప్పుడా నవల మళ్ళీ అచ్చుకి వెడుతోంది. ప్రూఫులు బల్లమీద ఉన్నాయి. ఉంగరం పేజీ దగ్గర ఆ పాత కార్డే గుర్తుగా పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే మా మేనకోడలు ఒక కథ పట్టుకొచ్చి, "అత్తా, మొహమాటం లేకుండా చెప్పాలి" అంది.

ఆ పిల్ల కిందటేడు అండమాన్ వెళ్ళొచ్చింది. అక్కడ స్నేహితులంతా కలిసి ఒక రోజుకి పడవ మాట్లాడుకుని దీవులు తిరిగారట. కళ్ళకీ ముక్కుకీ కలిపి ఒక అద్దాల తొడుగు, నోట్లో ఒక గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద బోర్లా తేలుతుంటే, కింద పగడపు దిబ్బలూ, రంగు రంగుల చేపలూ కనబడతాయట. స్నార్కెలింగ్ అంటారు. కథలో ఆ ముచ్చటంతా ఉంది. బాగా రాసింది కూడా. చిక్కల్లా ఒక్కటే. కథ మన ప్రాంతంలో జరిగితే బాగుంటుందని, అండమాన్‌ని మోసుకొచ్చి దివిసీమలో దింపేసింది! నాయిక నాగాయలంకలో పడవెక్కి, ఎదురుమొండి దగ్గర మునిగి పగడాలు చూస్తుంది.

"ఇదేం విడ్డూరమే?" అన్నాను.

"నీ ఉంగరం కనబడగా లేనిది నా పగడాలకేమొచ్చింది అత్తా?" అంది.

చెప్పొద్దూ, నా నోరు పడిపోయింది. ఇద్దరికీ కలిపి ఒకటే మందు అనుకుని, ఒక ఆదివారం తెల్లవారుజామున గుడివాడలో బయల్దేరాం. మా వారు, మా వదిన, ఆ పిల్ల, నేను, పులిహోర డబ్బా, పెరుగన్నం గిన్నె. ఆ పిల్ల సంచీలో అద్దాలూ గొట్టమూ. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవిలో స్వామి దర్శనం, అవనిగడ్డ, నాగాయలంక. రేవులో ఒక ఇంజను పడవని సాయంత్రం దాకా మాట్లాడుకున్నాం. పడవతను మా అందరిచేతా లైఫ్ జాకెట్లు తొడిగించాడు. వాళ్ళత్తగారిని దోవలో దీవిలో దింపాలి, ఏమీ అనుకోవద్దన్నాడు. ఏమనుకుంటాం? అరవై ఏళ్ళ మనిషి. చేతిలో ఖాళీ పీతల బుట్ట.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ రెంటి నడుమ ఉన్నదే దివిసీమ. ఇంకా దిగువకి వచ్చేసరికి పాయ మళ్ళీ చీలికలై, ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ లాంటి దీవులను మధ్యలో వదిలి సముద్రంలో కలుస్తుంది. ఎటు చూసినా మడ అడవి. 1989లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి ఇదే. చేపలు పట్టి తినే బావురుపిల్లి ఈ అడవి సొత్తు. మాకు కనబడలేదు. పగటిపూట వచ్చిన చుట్టాలకి కనబడే జీవం కాదది.

నీళ్ళ రంగా? మా వదిన చూస్తూనే "పాలెక్కువైన కాఫీ" అంది. హంసలదీవి స్థలపురాణంలో కాకి మునిగి హంసై లేచింది గాని, ఆ హంసని తెల్లబరిచిన నీళ్ళు మాత్రం తెల్లగా లేవు. మా మేనకోడలు ఊరుకుంటుందా? పడవతను సరేనన్న చోట, నడుము లోతు నీళ్ళలో దిగి, అద్దాలు పెట్టుకుని, గొట్టం కరుచుకుని తల ముంచింది. పది లెక్కపెట్టేలోగా లేచింది.

"ఏం కనబడింది?"

"నా చెయ్యే నాకు కనబడలేదు!"

పెద్దావిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అదేం కనపడుద్దమ్మా! అవి చూసే నీళ్ళా?"

పగడానికి వెచ్చటి ఉప్పు నీళ్ళూ, అడుగుదాకా ఎండ దిగే తేటదనమూ కావాలి. లక్షద్వీపాల చుట్టూ నీళ్ళు అంత తేటగా ఉన్నాయంటే అక్కడ సముద్రంలో కలిసే నది లేదు గనక. మన కృష్ణమ్మ మహాబలేశ్వరం దగ్గర పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి, దోవలోని నల్లమన్నూ ఎర్రమన్నూ ఒళ్ళో వేసుకుని వస్తుంది. ఆ ఒండ్రు పేరుకునే దివిసీమ అయింది. ఏటి నీళ్ళు ఎన్నడూ తేటగానే ఉండి ఉంటే మనం నిలబడడానికి నేలే ఉండేది కాదు. ఇప్పుడు పైన ఆనకట్టల వెనక చాలా మన్ను ఆగిపోతోంది. ఆ లెక్కన ఈ నీళ్ళు మట్టిగా ఉన్నందుకు ముక్కు చిట్లించడం కాదు, దణ్ణం పెట్టుకోవాలి.

చూసే నీళ్ళు కాకపోతే మరి ఎలాంటి నీళ్ళు? ఆ సంగతి పెద్దావిడ చెప్పలేదు, ఆవిడ పక్కన కూర్చుంటే తెలిసింది. వేలు ముంచి నాలిక్కి రాసుకుని "ఇంకా చప్పగానే ఉంది, పోటు రాలేదు" అంది. కాసేపటికి మళ్ళీ రాసుకుని, ఈసారి ఉప్పగా ఉందని అల్లుడికి చెప్పింది. అతను గడ దించి లోతు చూసి, ఆ గడ బురదలోంచి వచ్చేటప్పుడు అయ్యే చప్పుడును బట్టి పడవ పక్కకి తిప్పాడు. ఇద్దరూ ఒక్కసారి కూడా నీళ్ళలోకి తొంగి చూడలేదు.

గట్టు దగ్గర బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేలకొద్దీ పుల్లలు పైకి పొడుచుకు వచ్చి ఉన్నాయి. అవి మడచెట్ల వేళ్ళే. ఆ బురదలో గాలాడదు గనక, ఊపిరి కోసం వేరు తలకిందులుగా పైకి పెరుగుతుంది. పోటు వచ్చినప్పుడు మునుగుతాయి, ఆటు వచ్చినప్పుడు మళ్ళీ ఊపిరి పీలుస్తాయి. మా మేనకోడలు కళ్ళు పెద్దవి చేసి "అత్తా! గొట్టాలు పెట్టుకున్నది చెట్లు!" అంది. కథ మొత్తంలో లేని వాక్యం ఆ పిల్ల నోట అప్పుడొచ్చింది.

మాటల్లో పెద్దావిడ వయసు అడిగాను. "ఉప్పెనకి ముందు మనిషినమ్మా. అప్పటికి పన్నెండేళ్ళు" అంది. 1977 నవంబరు 19. దివిసీమలో ఇప్పటికీ చాలామందికి శకం మొదలయ్యేది అక్కడే. పదివేల మందికి పైగా పోయారని లెక్కలు. నాలాంటి వాళ్ళం ఊరుకోం కదా, "ఆ వేళ నీళ్ళు రావడం చూశారా?" అన్నాను. ఆవిడ బుట్ట అంచు సర్దుకుంటూ, "ఆ వానలో ఏం కనపడిందమ్మా, చప్పుడే" అంది. అంతకుమించి చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎదురుమొండి దగ్గర పంటు మీద స్కూటర్లూ, బియ్యం బస్తాలూ, బడిపిల్లలూ దాటుతున్నారు. మాకు షికారైన నీళ్ళ మీద వాళ్ళకి రోజూ బజారు పని.

నేను బందరు ఆడపడుచుని. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊళ్ళోకి వచ్చి ముప్ఫై వేలమందిని తీసుకుపోయిందని చిన్నప్పుడే విన్నదాన్ని. మా ఇంట్లో నీళ్ళు పొంగడమంటే ఎవరూ వెన్నెల మాటెత్తేవారు కారు. అటువంటి ఊళ్ళో పుట్టి, బి.ఏ. చదివి, నేనెందుకు అద్దంలాంటి ఏరు రాశాను? ఎక్కడో చదివిన పడవనీ, తెరమీద చూసిన పడవనీ ఎక్కాను గనక. నాకు తెలిసిన నీళ్ళని నవలకి పనికిరాని నీళ్ళనుకున్నాను గనక.

అందరూ నాలాగే చేశారని అనడం అన్యాయం. పాలగుమ్మి పద్మరాజుగారి "పడవ ప్రయాణం" తీసుకోండి. రాత్రి, పడవ, అందులో రంగి. కథ చెప్పే ఆయన ఆవిడ మాటలు వింటాడు. చీకట్లో వినడం తప్ప చెయ్యగలిగిందేముంది? అందుకే రంగి, ఆమె మనసులోని పద్దాలు మనకి అంత బాగా తెలిశారు. 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చిన ఆయన "గాలివాన"లోనూ అంతే. సూత్రాలన్నీ వల్లించే రావుగారిని తుపాను చీకట్లో కాపాడింది ఒక ముష్టిపిల్ల ఒంటి వెచ్చదనం. సినిమాల్లో "అందాల రాముడు" (1973) గోదావరి మీద మనందరినీ హాయిగా ప్రయాణికుల్ని చేసింది, కాదనను. కానీ "మూగ మనసులు" (1964) మనసులోంచి పోకపోవడానికి, అందులో పడవ నడిపేవాడే కథానాయకుడు కావడం ఒక కారణమనుకుంటాను. మా గుడివాడ దాటితే వచ్చే కొల్లేటి మీద అక్కినేని కుటుంబరావుగారు "కొల్లేటి జాడలు" రాశారు. అందులో నీళ్ళు దృశ్యం కాదు, బతుకు.

నా మటుకు నాకు దొరికిన కొలబద్ద ఇది. పడవ ఘట్టం చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. పడవ ఎవరిది? పోటా, ఆటా? నీళ్ళు చప్పనా, ఉప్పనా? జవాబు దొరక్కపోతే రచయిత్రి ఇంట్లో కూర్చుని రాసిందని తెలుసుకోండి. ఇంట్లో కూర్చుని రాయకూడదని కాదు. వంట అవ్వాలి, పిల్లల్ని బడికి పంపాలి, మనమందరం అలాగే రాస్తాం. కానీ ఒక కార్డు వచ్చినప్పుడు దాన్ని నవ్వి దాచుకోకూడదు.

తిరుగు ప్రయాణంలో మా మేనకోడలికి నా అభిప్రాయం చెప్పాను. పగడాల కథ పగడాలున్న చోటే జరగనివ్వు, అదీ మంచి కథే. మనూళ్ళో జరగాలంటే మాత్రం నాయిక తల ముంచి ఏమీ చూడకుండా పైకి లేవాలి, లేచేసరికి పడవలో ఒకావిడ నవ్వుతూ ఉండాలి. ఆ పిల్ల జవాబు చెప్పకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చల్లపల్లి దాటాక "అప్పుడు కథ ఆ పెద్దావిడది అయిపోతుందేమో అత్తా" అంది. "అయితే ఏం?" అన్నాను. అనడం తేలికే.

ఇంటికొచ్చి నా ప్రూఫులు ముందేసుకున్నాను. ఉంగరం కనబడకపోతే నాయకుడు దూకడు. దూకకపోతే చివరి అధ్యాయంలో అపార్థాలు తొలగవు. ప్రచురణకర్తకి ఫోన్ చేస్తే, "ఒక్క ఉంగరం కోసం ముగింపంతా మారిపోతుందేమో చూసుకోండమ్మా" అన్నారు. నాలుగు రాత్రులు కూర్చున్నాను. ఉంగరం లేకుండా వాళ్ళిద్దరూ ఒకరినొకరు నమ్మాల్సి వచ్చింది. దానికి రుజువులు చూపించడం కాదు, మాట్లాడుకోవాల్సి వచ్చింది. పదకొండు పేజీలు పెరిగాయి. పాత ముగింపే బాగుందనే పాఠకులు ఉంటారు. ఉండనివ్వండి.

నాగాయలంక నుంచి కార్డు రాసిన తల్లీ, మీ అడ్రసు నాకు ఇప్పటికీ తెలియదు. ఈ పేజీ మీ కంటబడితే ఇదే నా జవాబనుకోండి. ఉంగరాన్ని ఏట్లోనే వదిలేశాను, మీ అమ్మగారి నల్లపూసల దగ్గర.