లావుగీత దండకం

అక్షరమా, లావుగీతల తెలుగు ఫాంటు రామభద్రమా! నీకు పేరిచ్చింది అష్టదిగ్గజాల్లో ఒకడని చెప్పుకునే అయ్యలరాజు రామభద్రుడు. నిన్ను పైసా అడక్కుండా లోకానికి పంచింది సిలికానాంధ్ర. నేను నిన్ను తలుచుకునేది మాత్రం కవుల కొలువులో కాదు, సూర్యాపేటలో, 65వ నంబరు జాతీయ రహదారి దుమ్ములో.

పుస్తకంలో ఒదిగి ఉండే ఓపిక నీకు లేదు. పేజీ నిండా నిన్నే పేరిస్తే చదివేవాడికి ఊపిరాడదు. నీకు రెండు మాటలు చాలు, పోనీ మూడు. బోర్డు మీద, పోస్టరు మీద, పెళ్లిపత్రిక నుదుట.

1927లో పాల్ రెన్నర్ ఫ్యూచురా అనే ఫాంటుకు వృత్తాన్నీ సరళరేఖనీ ఆధారం చేసుకుంటే, ఆ రోమన్ లిపిలో నిండు గుండ్రం ఏ కొన్ని అక్షరాలకో దక్కింది. మనకో, సున్న ఒళ్లంతా గుండ్రమే. ఠ అంటే తలకట్టు పెట్టుకుని కడుపులో చుక్క దాచుకున్న సున్న. ర అంటే ఆ చుక్క లేని సున్న. గంటంతో తిన్నగా గీస్తే తాటాకు చీలుతుందని మన లిపి ఒళ్లు వంచుకుందంటారు. ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో దొరికిన బ్రాహ్మీ రాతలవి పొడుగు నిలువుగీతలు. పిల్లలమర్రి గుడి దగ్గర 1208 నాటి కాకతీయ శాసనం చూడండి, రాతిలోనూ వంపులే.

రోమన్ అక్షరాలకు పాదాలు కోసేస్తే సాన్స్‌సెరిఫ్. మన తలకట్టును అలా కోయలేం, అక్షరమే పోతుంది. అందుకే దాన్నీ నీ ఒంటి లావుకే పెంచారు, కొస మొద్దుగా, నున్నగా.

కోదాడ అని రాయడం నీకు పండగ. వత్తు లేదు, గుడి లేదు. ద, డ పక్కపక్కన కూర్చున్న కవలలు, చిన్న మెలికే తేడా. గీత ఇంకాస్త బలిస్తే ఆ మెలిక పూడిపోతుంది. నీ అందం నలుపులో ఉందనుకుంటారు గానీ, కడుపులో మిగిల్చిన ఆ పిసరంత తెలుపులో ఉంది. సూర్యాపేటకూ మిర్యాలగూడకూ 'ర్యా' ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి తంటా కూడా. యవత్తు కిందికి జారి చోటడుగుతుంది, కింది వరుసలోని గుడి పైకి లేచి దాన్ని పొడుస్తుంది. పేట చివర ట, గూడ ముందు ల, రెంటికీ తలకట్టు లేదు. ఆ బోడితలలు కూడా వరుసలో పొట్టిగా కనబడకూడదు.

ఒక్క పాపం మాత్రం క్షమించలేను. ఫ్లెక్సీలో ఖాళీ మిగిలిందని మౌస్‌తో పట్టి నిన్ను అడ్డంగా సాగదీస్తారు. నిండు సున్న నలిగిన గారె అవుతుంది. నాయకుడి ముఖాన్ని అలా సాగదీసే ధైర్యం ఉందా ఎవరికైనా?

సాగర్ ఎడమకాలువ నీళ్లు తాగిన వరి మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యమై బస్తాకెక్కుతుంది. ఖాళీ సంచి మీద ముడతలు పడ్డ అక్షరం, 25 కిలోలు పడగానే బస్తాతో పాటు పొట్ట నింపుకుంటుంది. సన్నగీత అక్షరమైతే ఆ మడతల్లో ఎక్కడో తప్పిపోయేది.

పొద్దుగూకింది. బస్సు ఇంకా మలుపు తిరుగుతూనే ఉంది. అద్దాలు ఇంట్లో మరిచొచ్చిన ముసలమ్మ సంచి చంకన పెట్టుకుని లేచింది, బస్సు బోర్డు మీద నీలాంటి లావు గుండ్రాలు మూడు దూరాన్నుంచే కనబడి.

"కోదాడదే బిడ్డా, ఎక్కు."