కాపడం ఓపికగా పెట్టాలి

టమోటా సీజన్లో మదనపల్లె మార్కెట్టులో బాక్సులు మోసేవాళ్లను చూడండి. చెమట కారితే భుజం మీది తువ్వాలుతో మెడ, ముఖం తుడుచుకుని దాంతోనే కళ్లూ ఒత్తుకుంటారు. పక్కనున్నాయన అడిగితే అదే తువ్వాలు ఇస్తారు. కంటి కురుపు మాటెత్తితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ తువ్వాలే.

పుంగనూరులో అయినా కుప్పంలో అయినా రెప్ప మీద కురుపు లేచిందంటే "ఒంటికి వేడి చేసింది" అంటారు. మజ్జిగ తాగమంటారు, రాగి అంబలి తాగమంటారు. తాగితే మంచిదే. కానీ కురుపుకు కారణం వేడి కాదు. రెప్ప వెంట్రుకల మొదళ్లలోనూ, వాటి వెనక వరసలోనూ సన్నని నూనె గ్రంథులుంటాయి. వెనక వరసవాటిని 1666లో జర్మన్ వైద్యుడు హైన్‌రిక్ మైబోమ్ వర్ణించాడు గనుక మైబోమియన్ గ్రంథులంటారు. అవి ఊరించే నూనె వల్లే కన్నీటి పొర తొందరగా ఆరిపోదు. ఏదో ఒక గ్రంథి మూతి పూడుకుని, చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ క్రిమి లోపల చేరితే ఎర్రబడి, చీము పట్టి, సలుపుతుంది.

మా అవ్వకు ఈ పేర్లేవీ తెలియవు. కాపడం పెట్టడం మాత్రం బాగా తెలుసు. నీళ్లు మరగనిచ్చి, దించి, చెయ్యి ఓర్చుకునేదాకా ఆరనిచ్చేది. ఉతికి ఎండబెట్టిన మెత్తటి నూలుగుడ్డ ముంచి, గట్టిగా పిండి, ముందు తన ముంజేతి లోపలి వైపు ఆనించి చూసుకునేది. ఆ తర్వాతే నా మూసిన రెప్ప మీద పెట్టేది. "కదలొద్దు నాయనా, అట్లే ఉండు" అనేది. గుడ్డ చల్లబడగానే మళ్లీ ముంచేది, మళ్లీ పిండేది. వేడి వల్లే కురుపు లేచిందని నమ్మిన మనిషి ఆ కురుపుకు వేడే పెట్టింది. కారణం ఆమెకు తెలియకపోయినా చెయ్యి మాత్రం తప్పలేదు.

ఎందుకంటే గడ్డకట్టిన నూనె కరిగేది వెచ్చదనానికే. గ్రంథి మూతి తెరుచుకుంటుంది, అక్కడికి రక్తం బాగా చేరుతుంది, చీము దారి చూసుకుంటుంది. తడిగుడ్డ కాసేపటికే చల్లారిపోతుంది. చాలామంది అక్కడే ఆపేసి, కాపడం పని చెయ్యలేదంటారు. పూటకు పది పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టాలి. చాలా కురుపులు వారం రెండు వారాల్లో వాటంతటవే అణిగిపోతాయి. అరచేతిలో వేలు రుద్ది కంటికి ఆనించడం కూడా వెచ్చదనం కోసమే. అయితే ఆ వేడి క్షణం నిలవదు, చేతి మురికి మాత్రం కంటికి చేరుతుంది.

నందివర్ధనం పూలు కళ్లకు చల్లగా హాయిగా ఉంటాయి, ఆ చల్లదనంతో పూడుకున్న గ్రంథి తెరుచుకోదు. చనుబాలు, ఆవుపాలు, ఆముదం కంట్లో వెయ్యొద్దు. పుంగనూరు ఆవంటే మనకెంత ప్రేమ ఉన్నా దాని పాలు తాగడానికే. కురుపును పిండడం అన్నిటికన్నా ప్రమాదం, చీము లోపలికి పాకుతుంది. మందులషాపులో ఏదో ఒక చుక్కల మందు అడిగి తెచ్చుకోవడమూ మానాలి. అందులో స్టెరాయిడ్ ఉంటే, వాడగా వాడగా కంటిలో ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పు.

కుప్పం గ్రానైటు క్వారీల్లో పనిచేసేవాళ్లకు వేరే మాట చెప్పాలి. ఉన్నట్టుండి కన్ను గరగరలాడి నీరు కారితే అది కురుపు కాదు, రాతి నలుసు. దానికి కాపడం పెట్టకూడదు, నలపకూడదు, డాక్టరు దగ్గరికే పోవాలి.

రాకుండా చూసుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఎవరి తువ్వాలు వాళ్లది, దిండు గలీబులు తరచూ ఉతకడం, చేతులు కడగందే కంటిని ముట్టకపోవడం. ఆడపిల్లలు హాస్టళ్లలో కాటుక డబ్బా పంచుకోవద్దు, పడుకునే ముందు కాటుక కడిగేసుకోవాలి. కురుపున్నన్నాళ్లూ అసలు పెట్టుకోవద్దు. ఒకటి తగ్గాక ఒకటి లేస్తూనే ఉంటే పెద్దవాళ్లు ఒకసారి షుగరు చూపించుకోవాలి. నొప్పి లేని గట్టి గడ్డ వారాల తరబడి నిలిచిపోతే కంటి డాక్టరుకు చూపించాలి.

రెప్ప మొత్తం వాచి, జ్వరం వచ్చి, చూపు మసకబారినా, కన్ను తిప్పితే నొప్పెట్టినా ఇంటి వైద్యం అక్కడితో ఆపాలి. కుప్పంలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, మదనపల్లెలో ప్రభుత్వాసుపత్రి ఉంది, పుంగనూరు నుంచి మదనపల్లె ఎంతో దూరం కాదు. పసిపిల్లల్లో ఆ వాపు కనిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగొద్దు.