ప్రదర్శనశాలలో ఒక పగలు

కుప్పం మీదుగా చెన్నైకి రైలుదారి ఉన్నది. మదనపల్లె పేరుతో ఒక స్టేషను ఉన్నా అది ఊరికి దూరంగా, పాకాల–ధర్మవరం దారిలో ఉన్నది. పుంగనూరుకు ఆ మాత్రం కూడా లేదు, బస్సే గతి. ఈ మూడు ఊళ్ళలో ఎక్కడినుండి బయలుదేరినా, చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం చూచి ఆ రోజే ఇల్లు చేరాలంటే పగటిలో పెద్ద భాగం దారికే పోతుంది. లోపల గడపడానికి చిక్కేది మూడు గంటలు, మహా అయితే నాలుగు. ఒక బడిపిల్లవాడు బహుశా జన్మకు ఒక్కసారి చేసే ఈ ప్రయాణంలో ఆ మూడు గంటలు అతనికి ఏమి ఇస్తున్నవని అడగడం తప్పు కాదు.

అడిగే హక్కు కూడా కొంత ఉన్నది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు చిత్తూరు సీమ మద్రాసు రాష్ట్రంలోనిదే, ఈ మ్యూజియం ఆ సీమకు కూడా సొంతమే. 1851లో మద్రాసు లిటరరీ సొసైటీ ఇచ్చిన సుమారు 1,100 రాతి, ఖనిజ నమూనాలతో ఇది మొదలయినది. దాని మొదటి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే వైద్యుడు. జనాన్ని రప్పించే కిటుకు ఆయనకు తెలుసు. మ్యూజియం ఆవరణలోనే ప్రాణమున్న మృగాలను కూడా ఉంచాడు, జనం విరగబడి వచ్చారు. ఇప్పుడు వండలూరులో ఉన్న జంతుప్రదర్శనశాలకు మూలం అదే. రాళ్ళ కోసం ఎవరూ రారనీ, పులికోసం వచ్చినవారే రాళ్ళను కూడా చూచి పోతారనీ ఆ వైద్యుడు ఆనాడే గ్రహించినట్లున్నది.

రాష్ట్రాలు విడిపోయినవి గాని మ్యూజియం విడిపోలేదు. 1993లో తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం వచ్చింది. మంచిదే. అయితే అక్కడ మీటలు నొక్కి, చక్రాలు తిప్పి భౌతికశాస్త్రం తెలుసుకోవడానికి ఉన్నంత వీలు, జంతువుల అసలు ఎముకలు చూడడానికి లేదు. కనుక ఎగ్మూరు ప్రయాణం ఇప్పటికీ దండుగ కాదు.

అక్కడ తప్పక నిలబడి చూడవలసినవి రెండు అస్థిపంజరాలు, ఒకటి ఏనుగుది, ఒకటి తిమింగలానిది. పద్దెనిమిది మీటర్లు దాటిన ఆ తిమింగలం కింద నిలిచిన పిల్లవాడు మొదట చేసే పని నోరు తెరచి చూడడం. తరువాత ఉపాధ్యాయుడు కొలత చదివి వినిపిస్తాడు, వరుస ముందుకు కదులుతుంది. నష్టం జరిగేది అక్కడే. పెద్దదని తెలుసుకోవడానికి ఇంతదూరం రానక్కరలేదు, పుస్తకంలో బొమ్మ చాలు. ఎముకల దగ్గరికి వచ్చినందుకు చేయవలసిన పని లెక్కపెట్టడం. తిమింగలం మెడ ఉన్నదీ లేనిదీ తెలియనంత పొట్టి. అయినా పలకల్లా ఒకదానికొకటి ఒత్తుకొని అందులో ఏడు వెన్నుపూసలు ఉంటవి. ఏనుగు మెడలోనూ ఏడే. చెట్ల చిగుళ్ళు అందుకునే జిరాఫీ మెడలోనూ ఏడే. లెక్కపెడుతున్న పిల్లవాడి మెడలోనూ ఏడే. ఒకటి రెండు జాతులు తప్పితే పాలిచ్చే జంతువులన్నిటికీ ఇదే లెక్క. ఈత రెక్కగా మారిన తిమింగలం ముంగాలిలో వేళ్ళ ఎముకలు వరుసగా కనబడతవి. నీళ్ళలో బతికే ప్రాణికి వేళ్ళెందుకు? ఈ ప్రశ్న పిల్లవాడి నోటినుండి వచ్చిందా, ఆ పూట ప్రయాణం ఫలించినట్లే. దాని పూర్వులు నేలమీద నాలుగు కాళ్ళతో నడిచినవన్న సంగతి అప్పుడు చెప్పినా చాలు, మరునాడు బడిలో చెప్పినా చాలు.

ఏనుగు సంగతి కుప్పంవారికి మరింత దగ్గరిది. 1980 తరువాతి సంవత్సరాలలో తమిళ అడవుల వైపునుండి ఏనుగుల గుంపులు ఆ సరిహద్దు కొండలలోకి వచ్చి స్థిరపడ్డవి. వాటికోసం 1990లో కౌండిన్య అభయారణ్యాన్ని ప్రకటించారు. రాగిచేను, చెరకుతోట, మామిడితోట రాత్రికి రాత్రి నేలమట్టమైన కథలు అక్కడి ప్రతి ఊళ్ళోనూ ఉన్నవి. అంత బరువైన జంతువు చేలోకి దిగేదాకా అడుగుల చప్పుడే వినబడలేదని రైతులు చెప్పుకుంటారు. దీనికి జవాబు ఎగ్మూరులోని ఆ ఎముకలలో ఉన్నది. ఏనుగు మనిషిలా అరికాలు మోపి నడవదు, ముని వేళ్ళ మీదనే నిలుస్తుంది. మడమకు, నేలకు నడుమనున్న ఖాళీని బతికిన ఏనుగులో మెత్తని కొవ్వు దిండు నింపుతుంది. అడుగు పడినప్పుడు ఆ దిండు పరచుకొని బరువును, చప్పుడును కూడా మింగుతుంది. ఎముకలలో ఖాళీ మాత్రమే కనబడుతుంది. దిండు సంగతి ఎవరైనా చెప్పాలి. పుర్రె నడుమ పెద్ద రంధ్రం ఒకటి ఉంటుంది. అది కన్ను కాదు, తొండానికి సంబంధించిన ముక్కు ద్వారం. మధ్యధరా దీవులలో దొరికిన పాత ఏనుగుల పుర్రెలను చూచే గ్రీకులు ఒంటికన్ను రాక్షసుని కల్పించి ఉంటారని 1914లో ఆబెల్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఊహించాడు. నిజమో కాదో గాని పిల్లలు మరచిపోని మాట.

ఇక లోపాలు. పాత ప్రదర్శనశాలలన్నిటిలోనూ జంతువులను వర్గాలవారీగా అమర్చారు: చేపలు ఒకచోట, పాములు ఒకచోట, పక్షులు ఒకచోట. పరిశోధకునికి ఇది సుఖం. కాని మూడు గంటలు మాత్రమే ఉన్నవానికి తిమింగలం ఈతరెక్క, గబ్బిలం రెక్క, ఏనుగు ముంగాలు ఒక్కచోట పెట్టి చూపితే కలిగే జ్ఞానం, వాటిని మూడు గదులలో వేరువేరుగా చూపితే కలగదు. జంతువును దాని నివాసంతో కలిపి చూపే పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలోని మిల్వాకీ మ్యూజియంలో కార్ల్ ఏక్లీ నీటి ఎలుకల వంటి మస్క్‌రాట్లను వాటి మడుగుతో సహా అమర్చి చూపింది 1890లో.

రెండవ లోపం చీటీలకు సంబంధించినది. చీటీలు తమిళంలో, ఇంగ్లీషులో ఉంటవి. తమిళనాడు ప్రభుత్వపు సంస్థ కనుక అందులో తప్పు పట్టడానికి లేదు. అయితే ఏ భాషలో రాసినా, పక్షి శాస్త్రనామం రాసి అది ఎక్కడ, ఏ సంవత్సరం దొరికినదో చెప్పకపోతే ఆ పక్షి కొలువులోని బొమ్మతో సమానం. నమూనాకు ప్రాణం దాని ఊరు, తేదీ. హార్స్లీ కొండల రాతిగుట్టల పొదలలో పసుపు గొంతు పిగిలిపిట్ట ఉన్నది. దక్షిణ భారతంలో తప్ప లోకంలో మరెక్కడా లేనిది. దాన్ని మొదట శాస్త్రలోకానికి వర్ణించిన జెర్డన్ నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసినవాడు. అక్కడి యానాదుల వద్ద జంతువుల సంగతులు ఎన్నో తెలుసుకున్నవాడు. తన గ్రంథాలలో ఎన్నో పక్షులకు తెలుగు పేర్లు కూడా చేర్చాడు. నూటయాభై ఏళ్ళకు పూర్వం ఒక ఇంగ్లీషు వైద్యుడు పడిన ఆ శ్రమ చీటీలు రాసేవారు పడలేకపోవడం వింతగా ఉన్నది. మదనపల్లె పిల్లవాడికి తన కొండమీది పిట్ట పేరు ఆ గాజు బీరువాలో కనబడితే ఆ బీరువా ముందు అతడు నిలిచే కాలమే మారిపోతుంది.

మూడవది ఎగ్మూరుకు మాత్రమే చెందిన లోపం కాదు, ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలల సంప్రదాయంలోనే ఉన్నది. అడవి జంతువుకు పెద్ద పీట వేసి, పెంపుడు జంతువును గడప బయట నిలబెడతారు. పుంగనూరు ఆవు మూపురం ఉన్న పశువులలో లోకంలోనే మిక్కిలి పొట్టివాటిలో ఒకటి. ఎత్తు సాధారణంగా మీటరు లోపే. కొద్దిమేతతో బతికి పాలిచ్చే ఈ జాతి ఒక దశలో అంతరించేంత తగ్గిపోయినది. పలమనేరు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడుతూ వచ్చారు. ఒంగోలు ఎద్దు పుర్రె పక్కన పుంగనూరు ఆవు పుర్రె ఉంచితే, మనిషి ఎన్నిక ఒక్క జంతువును ఎన్ని విధాలుగా మలచగలదో చెప్పడానికి వేరే పాఠం అక్కరలేదు. డార్విన్ 1859 నాటి తన గ్రంథాన్ని అడవి మృగాలతో కాదు, పెంపుడు పావురాలతోనే ఆరంభించాడు. తాను సేకరించిన ఆ పావురాలను తరువాత బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చాడు. పావురాలకు దక్కిన గౌరవం పుంగనూరు ఆవుకు దక్కకూడదా?

ఎగ్మూరు పాతబడినదని, మైసూరులో కారంజి చెరువుగట్టున 1995లో వచ్చిన ప్రాంతీయ ప్రకృతిశాస్త్ర మ్యూజియానికే పిల్లలను తీసుకుపోవాలని అనేవారున్నారు. అది నేటి పద్ధతిలో, ప్రాణులకు పరిసరాలతోగల సంబంధం తెలిసేటట్లు అమర్చినది, చూడదగినదే. కాని ఆ పద్ధతిలో నమూనాలకు, దృశ్యబంధాలకు పాలు ఎక్కువ. నమూనా చేసినవానికి తెలిసినంతే చెబుతుంది. అసలు ఎముకను ఎవరూ అడగని ప్రశ్న కూడా అడగవచ్చు. 2016 ఏప్రిల్ 26న ఢిల్లీలోని జాతీయ ప్రకృతిశాస్త్ర మ్యూజియం కాలిపోయినప్పుడు బొమ్మలు మళ్ళీ చేయించవచ్చుననుకున్నా, అసలు నమూనాలు మళ్ళీ వచ్చే వీలు లేకపోయింది. ఎగ్మూరు ధనం ఆ అసలు ఎముకలే. చీటీలు మార్చడానికి కావలసినది కాగితం, కొంచెం ఓపిక.

అంతవరకు పిల్లలను తీసుకుపోయే ఉపాధ్యాయులు గదులన్నీ చుట్టిరావాలన్న పట్టు మానడం మేలు. వచ్చిన దారి అలసట ఎక్కకముందే అస్థిపంజరాల దగ్గరికి పోవాలి. ఒక గంట అక్కడే, ఏడు పూసలు లెక్క తేలేదాకా. తరువాత పిల్లలకు కావలసిన పక్షులు, రాళ్ళు, అమరావతి శిల్పాలు. బయలుదేరేముందు వారం చూచుకోవాలి: శుక్రవారం మ్యూజియానికి సెలవు.